నూటయాభై రూపాయల ప్రమాణం: ఉస్తాద్‌గా జాకిర్ హుస్సేన్ జీవితం

డాక్టర్ జాకిర్ హుస్సేన్ పేరు చెప్పగానే దేశానికి తొలి ముస్లిం రాష్ట్రపతి అన్న మాటే ముందు గుర్తొస్తుంది. హైదరాబాద్‌వాళ్లైతే ఆయన మన ఊళ్లోనే పుట్టారని గర్వంగా చెప్పుకుంటారు. స్కూలు పుస్తకంలో ఒక ఫొటో, జనరల్ నాలెడ్జ్ పరీక్షలో ఒక మార్కు. చాలామందికి ఆయన కథ అక్కడితో అయిపోతుంది.

లెక్క వేసి చూస్తే ఆయన రాష్ట్రపతిగా ఉన్నది రెండేళ్లకు పది రోజులు తక్కువ. జామియా మిల్లియా ఇస్లామియాను నడిపింది మాత్రం ఇరవై రెండేళ్లు. అందులో నెలాఖరుకు టీచర్లకు తన్ఖా అందుతుందో లేదో తెలియని రోజులు ఎన్నో. అసలు కథ అక్కడే ఉంది. టీచర్ బతుకు ఎలా ఉండాలి, స్కూలు ఎవరి చేతిలో ఉండాలి, టీచర్‌ను త్యాగం చేయమని అడిగే హక్కు ఎవరికుంది అనే ప్రశ్నలకు ఆయన తన జీవితంతోనే జవాబు వెతికారు.

హైదరాబాద్‌లో పుట్టుక, ఖాయంగంజ్‌లో పెంపకం

జాకిర్ హుస్సేన్ 1897 ఫిబ్రవరి 8న హైదరాబాద్‌లో పుట్టారు. వాళ్లది అఫ్రీదీ పఠాన్ల కుటుంబం. సొంతూరు ఉత్తరప్రదేశ్‌లోని ఫరూఖాబాద్ జిల్లా ఖాయంగంజ్. తండ్రి ఫిదా హుస్సేన్ ఖాన్ అక్కణ్ణుంచి హైదరాబాద్ వచ్చి వకీలుగా పేరు తెచ్చుకున్నారు. ఏడుగురు కొడుకుల్లో జాకిర్ మూడోవారు.

1907లో తండ్రి చనిపోయారు. అప్పటికి జాకిర్‌కు పదేళ్లు. కుటుంబం హైదరాబాద్ వదిలి ఖాయంగంజ్‌కు తిరిగి వెళ్లింది. జాకిర్‌ను ఇటావాలోని ఇస్లామియా హైస్కూల్లో వేశారు. 1911లో ప్లేగు వచ్చి తల్లిని కూడా తీసుకుపోయింది. పద్నాలుగేళ్లకే తల్లీతండ్రీ లేని పిల్లాడయ్యారు. అలాంటి పిల్లలకు బడే ఇల్లవుతుంది, ఉస్తాదే పెద్దదిక్కవుతాడు. ఇటావా స్కూలు హెడ్‌మాస్టర్ సయ్యద్ అల్తాఫ్ హుస్సేన్ ప్రభావం ఆయన మీద చాలా ఉంది.

అక్కణ్ణుంచి అలీగఢ్‌లోని మొహమ్మడన్ ఆంగ్లో ఓరియంటల్ కాలేజీకి వెళ్లారు. చదువులో ముందు, మాటల్లో ఇంకా ముందు. 1915లో షాజహాన్ బేగంతో నికాహ్ అయింది. 1920 నాటికి ఆయన అక్కడే పైచదువు చదువుతూ పాఠాలు కూడా చెబుతున్నారు. కాస్త ఓపిక పడితే మంచి సర్కారీ కొలువు చేతికొచ్చే రోజులు.

సర్కారు డబ్బు వద్దన్న విద్యాలయం

1920 అక్టోబర్‌లో గాంధీజీ, అలీ సోదరులు అలీగఢ్ వచ్చారు. ఖిలాఫత్, సహాయ నిరాకరణ ఉద్యమాలు జోరుగా సాగుతున్న కాలం అది. బ్రిటిష్ సర్కారు గ్రాంటుతో నడిచే కాలేజీలను వదిలి బయటికి రమ్మని వాళ్లు పిలుపునిచ్చారు. కొందరు విద్యార్థులు, కొందరు ఉస్తాదులు బయటికి వచ్చేశారు. అందులో జాకిర్ హుస్సేన్ ఒకరు. అక్టోబర్ 29న మౌలానా మహమూద్ హసన్ చేతుల మీదుగా జామియా మిల్లియా ఇస్లామియా మొదలైంది. హకీం అజ్మల్ ఖాన్ ఛాన్సలర్ అయ్యారు. మౌలానా మహమ్మద్ అలీ జౌహర్ తొలి షేఖుల్ జామియా, అంటే వైస్ ఛాన్సలర్. మొదట్లో సరైన బిల్డింగు కూడా లేదు. డేరాల్లోనే క్లాసులు జరిగాయి.

సర్కారు డబ్బు తీసుకోకపోతే సర్కారు హుకుం కూడా ఉండదు. ఏం చెప్పాలి, ఏ భాషలో చెప్పాలి, ఏ పుస్తకం పెట్టాలి అన్నది విద్యాలయమే తేల్చుకోవచ్చు. కానీ ఆ ఆజాదీకి ధర ఉంది. జామియా డిగ్రీకి సర్కారు గుర్తింపు లేదు. గుర్తింపు లేకపోతే ఉద్యోగం కష్టం. ఉద్యోగం రాని చదువుకు పిల్లల్ని పంపే తల్లిదండ్రులు ఎంతమంది ఉంటారు? పిల్లలు తక్కువైతే ఫీజులు తక్కువ. ఫీజులు తక్కువైతే టీచర్ల తన్ఖాలు ఎక్కడి నుంచి వస్తాయి? జామియా పుట్టిన రోజు నుంచీ ఈ లెక్క దాని వెంటే నడిచింది.

బెర్లిన్ నుంచి ఒక టెలిగ్రాం

1922లో జాకిర్ హుస్సేన్ పైచదువు కోసం జర్మనీ వెళ్లారు. బెర్లిన్ యూనివర్సిటీలో ప్రసిద్ధ ఆర్థికవేత్త వెర్నర్ సోంబార్ట్ దగ్గర బ్రిటిష్ ఇండియా వ్యవసాయ ఆర్థిక వ్యవస్థ మీద పరిశోధన చేసి 1926లో డాక్టరేట్ తీసుకున్నారు. అక్కడే ఆయనకు అబిద్ హుస్సేన్, మహమ్మద్ ముజీబ్ దోస్తులయ్యారు. చేతి పనితో చదువు నేర్పే స్కూళ్ల గురించి జర్మన్ విద్యావేత్త కెర్షెన్‌స్టైనర్ చెప్పిన ఆలోచనలు ఆయన్ను బాగా పట్టుకున్నాయి.

అదే సమయంలో ఇక్కడ జామియా మూతపడే దశకు వచ్చింది. 1924లో టర్కీలో ఖిలాఫత్ రద్దయింది. ఇక్కడ ఉద్యమం చల్లారింది. జామియాను నడుపుతున్న ఖిలాఫత్ కమిటీ డబ్బు ఆగిపోయింది. మూసేద్దామన్న మాట గట్టిగానే వినిపించింది. ఆ కబురు బెర్లిన్‌కు చేరగానే, తానూ కొందరు మిత్రులూ జామియాకే జీవితం ఇవ్వడానికి తయారుగా ఉన్నామని, తాము వచ్చేదాకా మూయవద్దని జాకిర్ హుస్సేన్ టెలిగ్రాం పంపారు. గాంధీజీ కూడా దీని కోసం జోలె పట్టడానికైనా సిద్ధమన్నారు. హకీం అజ్మల్ ఖాన్ తన జేబులోంచి ఖర్చు పెట్టారు. 1925లో జామియా అలీగఢ్ నుంచి ఢిల్లీ కరోల్‌బాగ్‌లోని అద్దె ఇళ్లకు మారింది.

1926లో ముగ్గురు మిత్రులూ తిరిగొచ్చారు. యూరప్ డిగ్రీలున్న ముగ్గురు యువకులు ఏ సర్కారీ కాలేజీలో చేరినా దర్జాగా బతకొచ్చు. వాళ్లు కరోల్‌బాగ్ అద్దె ఇళ్లకు వచ్చారు. ఇరవై తొమ్మిదేళ్లకే జాకిర్ హుస్సేన్ షేఖుల్ జామియా అయ్యారు.

1928: టీచర్లే యజమానులు

1927 డిసెంబర్ చివర్లో హకీం అజ్మల్ ఖాన్ చనిపోయారు. జామియాకు డబ్బు తెచ్చే పెద్ద చెయ్యి పోయింది. అప్పులు పెరిగాయి. జామియాను ఏం చేయాలో ట్రస్టీలకు పాలుపోలేదు.

అప్పుడు ఉస్తాదులే ముందుకొచ్చారు. 1928లో అంజుమన్-ఎ-తాలీమీ మిల్లీ అనే సంఘం ఏర్పడింది. అందులో చేరినవాళ్లు రెండు మాటలకు కట్టుబడ్డారు. ఒకటి, ఇరవై ఏళ్లు జామియాను వదిలి వెళ్లకూడదు. రెండు, నెలకు నూటయాభై రూపాయలకు మించి తీసుకోకూడదు. నూటయాభై అన్నది పై హద్దు మాత్రమే. అంత ఇస్తారన్న హామీ ఎవరికీ లేదు. జాకిర్ హుస్సేన్ స్వయంగా తీసుకున్నది వంద రూపాయల లోపే. కొన్ని నెలలు అది కూడా పూర్తిగా అందేది కాదు.

ఈ కథను చెప్పేవాళ్లు సాధారణంగా ఇక్కడే ఆగి వాళ్ల త్యాగాన్ని మెచ్చుకుంటారు. దీనికి రెండో సగం ఉంది. ఆ ప్రమాణంతో పాటు జామియా నిర్వహణ ట్రస్టీల చేతుల్లోంచి ఉస్తాదుల సంఘం చేతికి వచ్చింది. ఎవర్ని ఉద్యోగంలోకి తీసుకోవాలి, సిలబస్ ఏంటి, ఉన్న నాలుగు రూపాయలు దేనికి ఖర్చు పెట్టాలి అన్నది పాఠం చెప్పేవాళ్లే కూర్చుని తేల్చుకునేవారు. తన్ఖా తక్కువన్న నిర్ణయం పైనుంచి ఎవరో రుద్దింది కాదు, లెక్కల పుస్తకం ముందేసుకుని వాళ్లే తీసుకున్నది. షేఖుల్ జామియా తన్ఖా ఎంతో అందరికీ తెలుసు, అది కూడా తక్కువే.

టీచర్‌ను తక్కువ జీతంతో పని చేయించుకోవడం వేరు, టీచర్ తన సంస్థ కోసం తనే తక్కువ తీసుకోవడం వేరు. మొదటిది మనిషి మనసు విరిచేస్తుంది. రెండోది ఇరవై ఏళ్లు నిలబెట్టింది.

డబ్బు తెచ్చే పద్ధతి కూడా మారింది. ఒకరిద్దరు పెద్దమనుషుల మీద ఆధారపడకుండా హమ్‌దర్దాన్-ఎ-జామియా పేరుతో మామూలు జనం నుంచి చిన్న చిన్న చందాలు సేకరించడం మొదలుపెట్టారు. షఫీఖుర్రహ్మాన్ కిద్వాయ్ ఆ పని నెత్తికెత్తుకున్నారు. ఒక్క పెద్ద చందాదారు కోపగించుకుంటే స్కూలు ఆగిపోతుంది. వేలమంది చిన్న చందాదారుల్లో ఒకరు తప్పుకున్నా ఏమీ కాదు. టీచర్ల స్వేచ్ఛకు ఇది కూడా ఒక గోడలా నిలబడింది.

అయినా ఆ బరువు ఇళ్లలోని ఆడవాళ్ల మీదే ఎక్కువ పడిందన్నది మరచిపోకూడదు. తన్ఖా సగమే వచ్చిన నెలలో పొయ్యి ఎలా వెలిగించాలన్నది షాజహాన్ బేగం లాంటి భార్యల తలనొప్పి. ప్రమాణ పత్రంలో వాళ్ల సంతకాలు లేవు. కానీ ఆ ప్రమాణాన్ని వాళ్లు కూడా నిలబెట్టారు.

క్లాసులో ఆజాదీ

ఇంత కష్టపడి సంపాదించుకున్న స్వేచ్ఛతో ఆ ఉస్తాదులు ఏం చేశారు? పిల్లల చదువును మార్చారు. జామియా ప్రైమరీ స్కూల్లో అబ్దుల్ గఫ్ఫార్ ముధోలీ లాంటి ఉస్తాదులు ప్రాజెక్టు పద్ధతిలో పాఠాలు చెప్పారు. పిల్లలే ఒక చిన్న బ్యాంకు, ఒక దుకాణం నడిపేవారు. లెక్కలు బట్టీ పట్టకుండా దుకాణంలో నేర్చుకునేవారు. ఇలా చెప్పు, అలా చెప్పొద్దు అని పైనుంచి సర్క్యులర్ వచ్చే చోట ఇది కుదిరే పని కాదు.

పుస్తకాల కోసం వేరేవాళ్ల వైపు చూడకుండా మక్తబా జామియా సొంతంగా ఉర్దూలో పుస్తకాలు అచ్చు వేసేది. షేఖుల్ జామియా కూడా పిల్లల కోసం కథలు రాసేవారు. ఇప్పటికీ ఉర్దూ ఇళ్లలో పిల్లలు చదివే అబ్బూ ఖాన్ కీ బక్రీ ఆయన రాసిందే. మొదట అది రుఖయ్యా రైహానా అన్న కలం పేరుతో వచ్చింది. మరోవైపు ప్లేటో రిపబ్లిక్‌ను ఉర్దూలోకి తెచ్చారు.

బెర్లిన్‌లో పరిచయమైన జర్మన్ యూదు మహిళ గెర్డా ఫిలిప్స్‌బోర్న్ 1930ల మొదట్లో జామియాకు వచ్చి చిన్నపిల్లల మధ్య పని చేశారు. పిల్లలు ఆమెను ఆపాజాన్ అని పిలిచేవారు. 1943లో ఆమె చనిపోయినప్పుడు జామియాలోనే సమాధి చేశారు.

1935 మార్చి 1న ఓఖ్లాలో సొంత బిల్డింగుకు పునాది వేశారు. అలాంటి పనికి ఏ నవాబునో, నాయకుణ్నో పిలవడం రివాజు. జామియావాళ్లు తమ స్కూల్లోని అందరికన్నా చిన్న పిల్లాడి చేత పునాదిరాయి వేయించారు. 1938లో టీచర్ల కోసమే ఉస్తాదోంకా మదర్సా అనే ట్రైనింగ్ కాలేజీ మొదలైంది.

జాకిర్ హుస్సేన్ గురించి జామియాలో ఇప్పటికీ చెప్పుకునే సంగతులు రెండున్నాయి. పిల్లలు మురికి బూట్లతో వస్తున్నారని ఎంత చెప్పినా వినకపోతే, ఒకరోజు ఆయనే బ్రష్షు, పాలిష్ పట్టుకుని గేటు దగ్గర కూర్చున్నారట. ఇంక ఎవరికీ చెప్పాల్సిన అవసరం రాలేదు.

రెండోది చెప్పడానికే కష్టంగా ఉంటుంది. ప్రైమరీ స్కూలు జల్సాలో ఆయన పిల్లలకు మిఠాయిలు పంచుతున్నారు. ఇంట్లో ఆయన చిన్న కూతురు చనిపోయిందని నౌకరు వచ్చి చెవిలో చెప్పాడు. ఆయన ముఖం పాలిపోయింది, చెయ్యి మాత్రం ఆగలేదు. పిల్లల సంతోషం మధ్యలో చెడగొట్టలేక చివరి పిల్లాడి దాకా పంచి, అప్పుడు ఇంటికి వెళ్లారు. ఇది గొప్ప అనాలో, ఒక తండ్రి మోసిన మోయలేని భారం అనాలో ఎవరికి వారే చెప్పుకోవాలి.

వార్ధాలో టీచర్ తరఫున

1937 అక్టోబర్‌లో వార్ధాలో గాంధీజీ విద్యా సదస్సు పెట్టారు. ఏడేళ్ల ఉచిత నిర్బంధ విద్య, మాతృభాషలో బోధన, ఒక చేతివృత్తి చుట్టూ చదువు అన్నవి అక్కడ ఆమోదించిన తీర్మానాలు. పిల్లలు చేసిన వస్తువులు అమ్మితే టీచర్ల జీతాలు వాటితోనే వెళ్లిపోతాయన్నది గాంధీజీ ఆశ. పథకం తయారు చేసే కమిటీకి జాకిర్ హుస్సేన్ అధ్యక్షుడు.

చేతి పనితో చదువు అన్నది ఆయనకూ ఇష్టమే. కానీ జీతాన్ని పిల్లల నూలుతో ముడిపెట్టడం దగ్గర ఆయనకు అనుమానం ఉంది. గాంధీజీ ముందే ఆ అనుమానాన్ని దాచుకోలేదు. ఆ ఏడాది డిసెంబర్‌లో ఇచ్చిన నివేదికలో దీని గురించి స్పష్టంగా హెచ్చరిక ఉంది. డబ్బు వైపే చూస్తే టీచర్ చదువు వదిలేసి పిల్లల దగ్గర పని పిండుకునే మేస్త్రీ అయిపోతాడన్నది దాని సారాంశం. ఖర్చు రాకపోయినా ఈ చదువు మంచిదైతే దేశం దాన్ని నడపాల్సిందేనని కూడా కమిటీ తేల్చింది.

అదే నివేదికలో టీచర్ పని గురించి గట్టి మాటలున్నాయి. ఒక టీచర్‌కు ముప్పైమంది కన్నా ఎక్కువ పిల్లల్ని అప్పగించకూడదు. టీచర్లకు పూర్తి ట్రైనింగ్ మూడేళ్లు ఉండాలి. స్కూలుకు వచ్చే అధికారి తప్పులు పట్టే ఇన్‌స్పెక్టర్‌లా కాకుండా దారి చూపే సాయగాడిలా ఉండాలి. అప్పటి పరీక్షల పద్ధతి చదువుకే శాపమైందని, పిల్లాణ్ని పై క్లాసుకు పంపాలా వద్దా అన్నది ఆ స్కూలు టీచర్లే నిర్ణయించాలని సూచించారు. చాలామంది పిల్లలు తప్పితే అప్పుడు టీచర్ పని తీరు చూడాలి. అంటే స్వేచ్ఛతో పాటు జవాబుదారీ కూడా టీచర్‌దే.

ఈ పథకం వల్ల ఆయనకు పొగడ్తల కన్నా తిట్లే ఎక్కువ వచ్చాయి. ముస్లిం లీగ్ దీన్ని గట్టిగా వ్యతిరేకించింది. ఆయన జవాబులు చెబుతూనే పని చేసుకుంటూ పోయారు.

మంటల మధ్య జామియా

1946 నవంబర్‌లో జామియా సిల్వర్ జూబిలీ జరిగింది. దేశం మత ఘర్షణలతో అట్టుడుకుతోంది. ఆ వేదిక మీద నెహ్రూ, జిన్నా, లియాఖత్ అలీ ఖాన్, రాజగోపాలాచారి కలిసి కూర్చున్నారు. అప్పట్లో అది మరెక్కడా సాధ్యం కాని దృశ్యం. ఆ పెద్దలందరి ముందు ఒక టీచర్ నిలబడి, ఈ ద్వేషపు మంటను ఆర్పమని బతిమాలారు. ఎవరు అంటించారన్నది తర్వాత తేల్చుకోవచ్చు, ముందు ఆర్పండి, ఇల్లు తగలబడుతుంటే పిల్లలకు మేం ఏం నేర్పగలం అన్నది ఆయన గోడు.

మంట ఆగలేదు. 1947 ఆగస్టులో రైలు ప్రయాణంలో జలంధర్ స్టేషన్‌లో ఆయన్నే చంపబోయారు. ఒక సిక్కు సైనికాధికారి, ఒక హిందూ రైల్వే ఉద్యోగి అడ్డుపడి ఆయన ప్రాణం కాపాడారు. కరోల్‌బాగ్‌లోని మక్తబా జామియా మంటలకు ఆహుతైంది. ఏళ్ల తరబడి కూడబెట్టిన పుస్తకాలు బూడిదయ్యాయి. ఓఖ్లాలో క్లాసులు మాత్రం నిలిచాయి.

అలీగఢ్ నుంచి రాష్ట్రపతి భవన్ దాకా

1948లో, అంటే ఇరవై ఏళ్ల మాట సరిగ్గా పూర్తయిన ఏడాదే, జామియా బాధ్యత ముజీబ్‌కు అప్పగించి అలీగఢ్ ముస్లిం యూనివర్సిటీకి వైస్ ఛాన్సలర్‌గా వెళ్లారు. విభజన తర్వాత అక్కడ చాలామంది ప్రొఫెసర్లు పాకిస్తాన్ వెళ్లిపోయారు. బయట యూనివర్సిటీ మీద అనుమానాలు, లోపల భయం. అక్కడ మిగిలిన టీచర్లకు, విద్యార్థులకు ధైర్యం చెప్పి నిలబెట్టడమే ఆయన మొదటి పని. 1956 దాకా అక్కడే ఉన్నారు.

అదే కాలంలో డాక్టర్ రాధాకృష్ణన్ అధ్యక్షతన ఏర్పడిన విశ్వవిద్యాలయ విద్యా కమిషన్‌లో సభ్యులుగా పని చేశారు. టీచర్ల జీతాలు పెంచాలని, యూనివర్సిటీల పనిలో రాజకీయ జోక్యం ఉండకూడదని 1949 నివేదిక చెప్పింది. తన జీతం తాను తగ్గించుకున్న మనిషి, దేశంలోని మిగతా టీచర్లకు జీతం పెంచాలన్న నివేదికలో భాగమయ్యారు. ఇందులో తేడా ఏమీ లేదు. త్యాగం తన ఇష్టంతో చేసేది. ఇంకొకరి త్యాగాన్ని జీతాల పట్టికలో రాసుకోవడం అన్యాయం.

1957లో బిహార్ గవర్నర్, 1962లో ఉపరాష్ట్రపతి, 1963లో భారతరత్న. 1967 రాష్ట్రపతి ఎన్నికలో ఆయన మీద పోటీ చేసింది తెలుగువారైన మాజీ సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు. గెలిచి మే 13న ప్రమాణం చేసినప్పుడు, తనకు ఈ గౌరవం దక్కింది ఇన్నేళ్లు విద్యారంగంలో పని చేసినందుకేనని ఆయన చెప్పుకున్నారు. దేశంలో అన్నిటికన్నా పెద్ద కుర్చీలో కూర్చున్న రోజు కూడా తనను తాను టీచర్‌గానే చూసుకున్నారు.

1969 మే 3న పదవిలో ఉండగానే గుండెపోటుతో కన్నుమూశారు. ఓఖ్లాలో, జామియా ఆవరణలోనే ఆయన్ను దఫన్ చేశారు.

ఈరోజు మన బస్తీల్లోని చిన్న ప్రైవేటు స్కూళ్లలో పని చేసే ఎందరో టీచర్లకు, ముఖ్యంగా ఆడపిల్లలకు, జీతం తక్కువ, మాట చెల్లుబాటు ఇంకా తక్కువ. సెలవుల్లో జీతం కోత, పరీక్షల ముందు ఒత్తిడి, తల్లిదండ్రుల ముందు మందలింపు. ఏమన్నా అంటే తాలీం అంటే సేవ కదా అంటారు. జాకిర్ హుస్సేన్ పేరు చెప్పి అలా అనేవాళ్లు ఆయన కథలో సగాన్నే చదివినట్టు. ఆయన టీచర్ల దగ్గర నూటయాభై రూపాయల మాట తీసుకున్నప్పుడు, సంస్థ తాళంచెవి కూడా వాళ్ల చేతికే వచ్చింది. పిల్లల్ని చేర్పించడానికి వెళ్లినప్పుడు ఫీజు ఎంత అని అడిగే తల్లిదండ్రులు, ఇక్కడ టీచర్లకు నెల నెలా జీతం అందుతుందా, వాళ్ల మాటకు విలువ ఉందా అని కూడా అడగాలి.